వంటగది కింద గీత

“గేటు తీసే ఉంటుంది. మనిషి ఉంటాడు. వెళ్లి చూసుకోండి,” అన్నాడు బ్రోకరు ఫోనులో.

ఆ మనిషి గేటు దగ్గరే కనిపించాడు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, మట్టి అంటిన చేతులు, నడుముకు తాళాల గుత్తి.

ఇల్లు కొందామని భార్యతో వచ్చిన బస్సు డ్రైవరు ఒక్క చూపులో తేల్చేశాడు. వాచ్‌మన్.

“ఇల్లు చూపించు పెద్దాయనా.”

పెద్దాయన కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చి తలుపు తీశాడు.

డ్రైవరు భార్య టైలరు. పన్నెండేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారారు. మారిన ప్రతిచోటా ఆమె కుట్టు మిషను ఎక్కడ పెట్టాలన్నదే తగువు. ఈ ఇంట్లో మిషనుకు విడిగా ఒక గది దొరికేలా ఉంది. దానికి మంచి వెలుతురు వచ్చే కిటికీ కూడా ఉంది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

పైగా ధర సగమే. ఆ వీధి అడుగున నేల పగులు ఉందట, ఎప్పుడైనా భూకంపం రావచ్చట. బ్రోకరు ఆ మాట కొట్టిపారేశాడు. పనీపాటా లేనివాడెవడో మ్యాపు మీద గీసిన గీత అన్నాడు.

“ఆ గీత సంగతి నిజమేనా పెద్దాయనా?” అని అడిగింది ఆమె.

“నిజమే తల్లీ. ఈ వంటగది కిందుగా పోతుంది.”

డ్రైవరు మొహం మాడిపోయింది.

“నేల కిందికి దిగి చూసొచ్చావా?”

“దిగాను బాబూ,” అన్నాడు పెద్దాయన మామూలుగా.

డ్రైవరు పకపకా నవ్వాడు.

పెద్దాయన ఏమీ అనుకోలేదు. వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ ప్రహరీ గోడ విరిగి, అవతలి ముక్క నాలుగు వేళ్లు పక్కకు జరిగి ఉంది. ఆమెకు గళ్లు కలవకుండా కుట్టిన చొక్కా గుర్తొచ్చింది.

“కట్టినప్పుడు తిన్నగానే ఉండేదమ్మా. ఏడాదికి బియ్యపు గింజంత జరుగుతూ వచ్చింది. ఒక్కసారిగా జరిగే రోజు వస్తే ఎంతన్నది ఎవరూ చెప్పలేరు. ఆ వేళకి పొయ్యి దగ్గర మీ ఇంట్లో ఎవరుంటారో ఆలోచించుకోండి.”

పొయ్యి దగ్గర అత్తగారుంటుంది. ఆమె పక్కనే పీట మీద కూర్చుని పాప హోంవర్కు రాసుకుంటుంది. టైలరు వంటగది వైపు తిరిగి చూసింది.

“అయితే దీన్ని ఎవరూ కొనకూడదా?”

“ఇల్లుగా కొనకూడదు. స్థలంగా కొనొచ్చు. ఇది పడగొట్టి, ముందున్న ఖాళీలోకి బాగా జరిగి కట్టుకుంటే భయం లేదు. మీకు ఆ శక్తి ఉందా తల్లీ?”

లేదు. ఉన్నదంతా ఊడ్చిపెట్టినా ఈ గోడల వరకే.

డ్రైవరుకు చిర్రెత్తుకొచ్చింది.

“జీతమిచ్చే ఓనరు ఇంటికే ఎసరు పెడుతున్నావు. నీ వాళ్లెవరికైనా చవగ్గా కొట్టేయాలనుందా? ఉండు, నీ సంగతి ఓనరుకే చెప్తాను.”

“చెప్పండి బాబూ. ఆయనకీ తెలుసు,” అని పెద్దాయన గేటు దాకా వచ్చి సాగనంపాడు.

దారి పొడుగునా డ్రైవరు గొణుగుతూనే ఉన్నాడు.

“మిషను గది చూశావు కదా?”

“చూశాను. గోడ కూడా చూశాను. గుడ్డ తప్పు కత్తిరిస్తే ఇంకో గుడ్డ కొనిస్తాను. ఇక్కడ తప్పు చేస్తే ఎవర్ని తెచ్చిస్తాను?”



వాళ్లు కొనలేదు. ఆ వాచ్‌మన్ అడ్డం పడకపోతే ఈపాటికి సొంతింట్లో ఉండేవాళ్లమని డ్రైవరు మాత్రం ఏడాదంతా సాధించాడు.

ఏడాది తర్వాత ఇంకో ఇల్లు బేరానికి వచ్చింది. ఈసారి టైలరు బ్రోకరు మాట వినలేదు. కొలతలు తనే తీసుకునే మనిషి, మ్యాపు తనే చూస్తానని సర్వే ఆఫీసుకు వెళ్లింది.

గుమాస్తా బల్ల మీద మ్యాపు పరిచాడు. ఈ ఇల్లు నేల పగులు చూపే ఎర్ర గీతకు చాలా దూరంగా ఉంది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

“ఈ గీతతో ఎంత గొడవో అమ్మా,” అన్నాడు గుమాస్తా. “ధరలు పడిపోయాయని ఇది పోయే వీధి వీధంతా ఆఫీసు మీద పడింది. మ్యాపు మీద వెంట్రుకవాసి జరిపితే చాలు, గీత ఇళ్లు వదిలేసి ఖాళీ స్థలాల్లోంచి పోయేది. పైవాళ్లు కూడా జరపమన్నారు.”

“జరిపారా?”

“మా పెద్ద సర్వేయరు ఒప్పుకుంటేగా. మళ్లీ మూడుచోట్ల గోతులు తవ్వించి, తనే వాటిలోకి దిగి, పగులు చేత్తో తడిమి చూసి పైకొచ్చారు. మళ్లీ అక్కడే గీశారు. ఆ తర్వాత ఆ వీధిలో ఆయన్ని పలకరించినవాడు లేడు.”

అలాంటి మనుషులు కూడా ఉంటారా అనిపించింది ఆమెకు. కళ్లు చెమర్చాయి.

“ఆయన్ని ఒకసారి చూడొచ్చా?”

“పోయారమ్మా. రెండు నెలలైంది.”

ఆమె మ్యాపు మీది ఎర్ర గీతను వేలితో తాకింది.

“మేమూ ఆ వీధిలో ఇల్లు చూశాం. మూల మీద, ప్రహరీ విరిగిన ఇల్లు. అక్కడి వాచ్‌మన్ మమ్మల్ని కొనొద్దన్నాడు. మావారు నోటికొచ్చినట్టు తిట్టారు. కనీసం అతనికైనా వెళ్లి చెప్పుకోవాలి, నీ వల్ల బతికిపోయామని.”

గుమాస్తా మ్యాపు మడతపెడుతున్నవాడల్లా ఆగిపోయాడు.

“ఆ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదమ్మా,” అన్నాడు మెల్లగా. “దానికి వాచ్‌మన్ ఎప్పుడూ లేడు, అది మా సర్వేయరుగారి సొంత ఇల్లు.”