నాలుగు డబ్బాల ఎరుపు

"పన్నెండు వందల నలభై డాలర్లు," అన్నాడు లియాండర్, ఇంటి ముందున్న చెక్క డెక్కు నాలుగు పక్కలా టేపు పట్టి కొలిచి.

ఎఫీ అత్త గుండె మీద చెయ్యేసుకుంది. "ఒరే నాయనా, డెక్కుకి రంగు వెయ్యమన్నానా, కొత్త డెక్కు కట్టమన్నానా?"

"పాత రంగు గీకాలి అత్తా. కటకటాలున్నాయి, మెట్లున్నాయి, పైన రెండు పూతలు. నాది పూతే గానీ కోత కాదు. గీకడం నా వంతు, గీచి గీచి బేరమాడటం నీ వంతు. కానీ మరి!"

లియాండర్ పక్క అఖాతం ఒడ్డున ఉన్న ఊరివాడు. నలభై ఐదేళ్ళుంటాయి. వేసవిలో న్యూఫౌండ్‌లాండ్ తీరం పట్టుకుని ఊరూరా రంగులేస్తాడు. చేతిలో బ్రష్షు ఆగినా నోరు ఆగదు. ఈ ఊరికి రావడం మాత్రం ఇదే మొదలు.

"ఏ రంగు వెయ్యమంటావు?"

"ఇప్పుడున్న ఎరుపే. వెంట్రుకవాసి తేడా రాకూడదు." ఆవిడ సముద్రం వైపు చెయ్యి చూపించింది. "పొగమంచులో మా ఆయన సైలస్‌కి ఇదే ఆనవాలు. ఈ ఎరుపు కంటపడితేనే పడవ ఇటు తిప్పుతాడు. మంచు కమ్మేలోపు పనైపోవాలి."

ఆ ఎరుపు ఇప్పుడు షాపుల్లో దొరకదు. పాత పెచ్చు ఒకటి పట్టుకెళ్ళి, దాన్ని చూపించి ప్రత్యేకంగా కలిపించాలి. ఒక్క రంగుకే మూడొందల నలభై.

నిచ్చెన కోసం షెడ్డులోకి వెళ్ళిన లియాండర్ అక్కడినుంచే కేకేశాడు.

"అత్తా! ఇక్కడ నాలుగు డబ్బాలున్నాయేంటి? మూత కూడా తియ్యలేదు. అచ్చం అదే ఎరుపు! ఇవి ఉండగా నన్ను షాపుకి తోలుతున్నావా?"

ఎఫీ అత్త పరిగెత్తుకొచ్చి ఆ డబ్బాల ముందు అడ్డంగా నిలబడింది.

"వాటి జోలికి రాకు. అవి పడవకి. మా ఆయన తన చేత్తో కొని పెట్టుకున్నాడు. రాగానే వేసుకుంటాడు."

"మీ తీరమైనా మా తీరమైనా పడవకి కొన్న రంగేగా ఇంటికీ వేసేది? పడవకి మిగిలితే డెక్కుకి, డెక్కుకి మిగిలితే కుక్క గూటికి. కుక్కకి లేని పట్టింపు నీకెందుకు?"

ఆవిడ నవ్వలేదు. "కొత్తదే తెచ్చి వెయ్యి నాయనా."

లోపలికి పిలిచి టీ, బెల్లపు రొట్టె పెట్టింది. పొయ్యి పక్కన మగవాళ్ళ చెప్పులు వెచ్చగా ఆరబెట్టి ఉన్నాయి. బిస్కెట్ల డబ్బాలోంచి నలిగిన నోట్లు తీసి, రెండుసార్లు లెక్కపెట్టి, రంగు కోసం మూడొందల నలభై ముందే చేతిలో పెట్టింది. ఆవిడ స్వెట్టరు మోచేతుల దగ్గర కుట్టు మీద కుట్టు.

ఆ కుట్లు లియాండర్ మనసులో గుచ్చుకున్నాయి.

పడవలకి రంగులేసేది వసంతంలో. ఇప్పుడు ఆగస్టు. వచ్చే ఏడాదికి ఆయన ఇంకో నాలుగు డబ్బాలు కొనుక్కోలేడా? పాపం, ఈ ముసలమ్మ చలికాలమంతా ఏం తిని బతుకుతుంది?

పాత రంగు గీకడం మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఎఫీ అత్త బకెట్టు పట్టుకుని బెర్రీలు ఏరడానికి కొండెక్కింది. లియాండర్ షెడ్డులోకి దూరాడు. డబ్బాల్లో రంగంతా అడుక్కి దిగి గట్టిపడింది. ఒక్కో డబ్బా అరగంట కలిపితే గానీ దారికి రాలేదు. వచ్చాక చూడాలి దాని ఎరుపు! సాయంత్రానికి డెక్కు కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోయింది.

ఆవిడ మెట్ల కింద నిలబడి తనివితీరా చూసుకుంది. కళ్ళు చెమర్చాయి. "ఇంక ఎంత దూరాన్నుంచైనా కనబడుతుంది."

లియాండర్‌కి ఆనందం పట్టలేదు. జేబులోంచి నోట్లు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇదిగో నీ మూడొందల నలభై. తిట్టకేం. షెడ్డులో డబ్బాలే వాడాను. రంగు డెక్కుకి, డబ్బు అత్తకి, పుణ్యం అల్లుడికి!"

అంత ఎర్రటి డెక్కు ముందు ఆవిడ ముఖం తెల్లబోయింది.

"నాలుగూనా?"

"నాలుగూ."

తిట్టినా బాగుండేది. ఆవిడ ఒక్కో డబ్బా తీసుకుని జాము సీసాలోకి వంచింది. చివరి బొట్టు జారేదాకా పట్టుకునే ఉంది. నాలుగూ కలిపి అర సీసా అయింది. మూత బిగించి సీసాని కొంగులో పసిదాన్ని పొదువుకున్నట్టు స్వెట్టరులో పొదువుకుంది.

"పడవ మీద పేరు రాసుకోవడానికైనా వస్తుందిలే," అంది మెల్లగా. "కానీ వచ్చి పడవకేం వేసుకుంటాడ్రా?"

నోట్లు గాలికి మెట్ల మీద పడ్డాయి. ఆవిడ వంగి తీసుకోలేదు.

మర్నాడు లియాండర్ తన సొంత డబ్బుతో పట్నం వెళ్ళి అదే ఎరుపు కలిపించాడు. నాలుగు డబ్బాలు, రెండు బ్రష్షులు, ఒక్క పరిహాసం లేదు. నేరుగా రేవులోకి దిగాడు. ఆ ఊరి ముసలి జాలరి మెర్సర్ మావ ఒక్కడే కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"మావా, ఎఫీ అత్త వాళ్ళాయన సైలస్ పడవ ఎక్కడ కడతాడు? నావల్ల తప్పు జరిగింది. ఆయన రాగానే నేనే ఊరికే రంగేసి పెడతాను."

మెర్సర్ మావ ఆ డబ్బాల వంక చూసి, వల పక్కన పెట్టి, తలమీది టోపీ తీశాడు.

"ఆ పడవ పొగమంచులోకి వెళ్ళి ఈ సెప్టెంబరుకి పదకొండేళ్ళురా అబ్బాయ్."