ఉయ్యాల తాడు

హారతి పాప కుడి చెవి పక్కన గంట మోగించింది. పాప కదల్లేదు. ఎడమ చెవి పక్కన మోగించింది. చీర ఉయ్యాలలో ముడుచుకున్న చిన్న పిడికిలి విచ్చుకోనైనా లేదు.

వలస నేతపనివాళ్లుండే భేస్తాన్‌లోని ఆ ఒంటిగది ఇంటి గోడ అవతలే మరమగ్గాలు ఆడుతున్నాయి. ఆ అదురుకు గూట్లో గిన్నెలు కూడా వణుకుతున్నాయి.

హారతి పిల్లల డాక్టరై ఎంతో కాలం కాలేదు. పరిశోధన నేర్చుకుంటానని కాత్యాయని మేడం దగ్గర చేరింది. మగ్గాల మధ్య పనిచేస్తూ తల్లులు మోసిన బిడ్డలకు వినికిడి ఎలా ఉంటుందో చూడడం ఆమె మొదటి పని. బిడ్డల్ని ఆసుపత్రికే పిలిపిద్దామంటే మేడం ఒప్పుకోలేదు. ఇల్లు చూడకుండా బిడ్డ గురించి ప్రశ్న వేయకూడదంది. తీరా ఇక్కడికొచ్చాక ఆవిడ తలుపు దగ్గర పీట మీద కూర్చుని, ఒక్క మాట సాయం రావడం లేదు.

"పాపకు ఇనవడ్తుందా డాక్టరమ్మా?" తల్లి జమున అరిచినంత గట్టిగా అడిగింది.

హారతి ఏదో గొణిగింది.

"జర మాస్కు తియ్యుండ్రి. గీ చప్పుడుల మీరేమంటున్నరో సమజ్ అయితలేదు."

హారతి మాస్కు తీసింది. జమున ఆమె పెదాలనే చూస్తూ నిలబడింది. చెవుడన్న మాట ఈ పెదాలే చెప్పాలి.

"పాప ఏడుపు ఎట్లా ఉంటుంది?"

"ఏడ్వదు. నోరు తెరుస్తది, కండ్లల్ల నీళ్లొస్తయి. గొంతే రాదు. చెవులు లేనోళ్లకు నోరు గూడ రాదంటరు గద." జమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఆయనతోని అంటే, నీకన్నీ అనుమానాలే అని కసురుతడు."

చిన్నప్పటి నుంచీ ఆమెకు తెలిసిన పని మగ్గమొక్కటే. నెలలు నిండేదాకా మానలేదు. తన పనే బిడ్డ చెవులు తీసిందని ఆమె భయం. అందుకే పాపను కంటికి రెప్పలా చూసుకుంటోంది. రాత్రి ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని పడుకుంటుందట. పాప కదిలితే తాడు గుంజుతుంది, లేచి పాలిస్తుంది. ఎంత ప్రేమ, అనుకుంది హారతి. చెవుడని చెప్పాలంటే ఇంకా భయమేసింది.

డాక్టర్లకు టీ పెడతానని జమున పొయ్యి వైపు తిరిగింది.

"నీ ప్రశ్న ఏమిటి హారతీ?" అంది కాత్యాయని.

"పాపకి వినిపిస్తోందా లేదా అని, మేడం."

"ఈ ఇంట్లో అడగాల్సింది అదొక్కటేనా?"

హారతికి అర్థం కాలేదు. ఏం తప్పు చేసిందో తెలియక చేతిలోని గంట వైపు చూసుకుంది.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎంత నిశ్శబ్దమంటే హారతికి తన ఊపిరి తనకే వినిపించింది.

ఉయ్యాల ఊగింది. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే నిద్రపోయిన పాప, చప్పుడు ఆగేసరికి ఉలిక్కిపడి లేచింది. లేచి గుక్కపెట్టింది. గదంతా మారుమోగేంత ఏడుపు.

హారతి గబగబా గంట తీసి మోగించింది. పాప ఏడుపు ఆపి, ఠక్కున అటు తల తిప్పింది. మళ్లీ గుక్కపెట్టింది.

ఆ మగ్గాల మోతలో గంట మోగించడమే తన తప్పని హారతికి ఇప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

"జమునా, విన్నావా? పాప ఏడుస్తోంది. దాని చెవులు బాగున్నాయి," అని గట్టిగా చెప్పింది.

పాప గుక్కపెడుతూనే ఉన్నా, పొయ్యి ముందు టీ కలుపుతున్న జమున వెనక్కి తిరగలేదు.