పది రోజుల బట్టలు

వరసలో ఉన్నవాళ్లంతా సంచుల్ని కాళ్లతో తోసుకుంటూ ముందుకు జరుగుతున్నారు.

దర్జీ మాత్రం తన సంచీని చంటిబిడ్డలా చంకన వేసుకున్నాడు. కింద పెడితే ఇస్త్రీ నలుగుతుందని.

వంతెనకు ఇవతల ఈ సరిహద్దు తనిఖీ హాలు. అవతల ఇంకో దేశం. అక్కడ బస్టాండులో అతని భార్య, కూతురు.

భార్యకు అక్కడి ఆసుపత్రిలో నర్సు పని దొరికి రెండేళ్లయింది. అప్పటికి పాపకు ఏడాది. తల్లితో పాటు పిల్లకూ వీసా ఇచ్చారు. అతను కూడా వెళ్లి అక్కడే స్థిరపడటానికి పెట్టుకున్న అర్జీ మాత్రం ఏ బీరువాలో పడుందో, ఉలుకూ పలుకూ లేదు.

ఈలోగా ఒకసారి చూసొద్దామని ఆరు నెలలు కాళ్లరిగేలా తిరిగి, పది రోజుల చుట్టపుచూపు వీసా సంపాదించాడు.

ముందు నిలబడ్డ పళ్ల వ్యాపారి వెనక్కి తిరిగాడు. వారం వారం దాటే మనిషి.

"మొదటిసారా తమ్ముడూ?"

"అవునన్నా."

"అడిగినదానికే జవాబు చెప్పు. నోరు పెద్దగా తెరిచావంటే సంచీ కూడా తెరవమంటారు."

దర్జీ నవ్వాడు. అతనికా బెంగ లేదు. పదేళ్ల వయసు నుంచీ పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసినవాడు. నోరు మెదపకపోవడం పనితోపాటే అబ్బింది.

వ్యాపారి రెండు నిమిషాల్లో దాటేశాడు.

బల్ల వెనక అవతలి దేశపు అధికారి. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సంచీ తెరవమంది.

అతని బట్టలు రెండే జతలు. మిగిలినవన్నీ గౌన్లు.

"ఎంత ముద్దుగా ఉన్నాయండీ! ఎక్కడ కొన్నారు?"

"నేనే కుట్టాను మేడమ్."

ఆమె ఒకదాన్ని తిరగేసి చూసింది. లోపలి వైపు ఒక్క దారప్పోగు వేలాడటం లేదు. ఇంకెవరికైనా చూపించాలన్నట్టు పక్కకు కూడా చూసింది.

తిరగేసి చూసేవాళ్లు అతనికి ఏడాదికొకరు తగిలితే ఎక్కువ.

దాంతో నోరు తెరిచాడు.

"ఇది ఇప్పటికి మేడమ్. ఇది వచ్చే ఏడాదికి. ఇదేమో బడికెళ్లే ఏడాదికి, జేబు పెట్టాను. ఇది ఆరేళ్లప్పటికి. నడుము దగ్గర గుడ్డ వదిలాను, కుట్టు విప్పుకుంటే ఇంకో ఏడాది లాగుతుంది."

చెబుతూనే వరసగా పరిచాడు. బల్ల మీద ఒక పిల్ల మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరిగింది.

అధికారి నవ్వు ఆగింది.

"మీరు ఉండేది ఎన్నాళ్లు?"

"పది రోజులు మేడమ్."

"పది రోజుల్లో పాపకు ఆరేళ్లొస్తాయా?"

"నేనుండను కదండీ. అందుకే ముందే కుట్టాను."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. కాసేపు చదివింది.

"మా దేశంలో ఉండిపోవడానికి అర్జీ పెట్టుకున్నారు."

"పెట్టుకున్నాను. దాచలేదండీ. వీసా కాగితంలో కూడా రాశాను."

"రాశారు. అయినా, మూడేళ్లకు సరిపడా బట్టలతో వచ్చిన మనిషి పది రోజుల్లో వెనక్కెళతాడని నేనెలా నమ్మను?"

ఉండిపోయేవాడైతే అక్కడే కూర్చుని ఏ ఏటికి ఆ ఏడు కుట్టుకునేవాడు. ఈ ముక్క అతని నోటిదాకా వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

"పెద్దవి తీసేస్తాను మేడమ్."

"తీసేసినా నేను చూశాను కదండీ."

ముద్ర పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

"మీ అర్జీ తేలేదాకా ఆగండి. అప్పుడు దర్జాగా రావచ్చు."

"ఎప్పటికి తేలుతుంది మేడమ్?"

"అది వేరే ఆఫీసు."

వెనకనున్నవాళ్లు గునుస్తున్నారు. అతను గబగబా గౌన్లు కుక్కబోయాడు.

"మెల్లగా పెట్టుకోండి, నలిగిపోతాయి" అందామె. నిజంగానే అంది.

సంచీ మూస్తుండగా ఫోన్ మోగింది.

"ఎందాకా వచ్చింది బావా? వరస పెద్దదా?"

"ఊఁ."

"దీనికి కళ్లు మూతలు పడుతున్నాయి. నాన్నొచ్చేదాకా పడుకోనని బెంచీ మీద నిలబడి తూలుతోంది. కాసేపు పడుకోబెట్టనా, వచ్చేస్తున్నావా?"

కిటికీలోంచి వంతెన ఈ కొస నుంచి ఆ కొస దాకా కనిపిస్తోంది. పట్టుమని రెండు వందల అడుగులుండదు.

"పడుకోబెట్టు" అన్నాడు.