మేకుల టైర్లు

“ఆల్ సీజన్ టైర్లు చాలంటే చాలు. ఎందుకత్తయ్యా ఈ రాద్ధాంతం?” అంటూ డ్వేన్ కుర్చీలోంచి లేవబోయాడు.

“కూర్చో. బండికి చక్రాలే లేవు, దేని మీద పోతావు?” అంది లోర్నా.

నిజమే. అద్దానికి అవతల డ్వేన్ పికప్ ట్రక్కు నాలుగు చక్రాలూ ఊడి లిఫ్టు మీద గాల్లో వేలాడుతోంది. బ్యూట్ ఊళ్లో ఆ ఏడాది తొలి మంచు పడిన ఉదయం అది. చలికాలం వస్తుందని అప్పుడే తెలిసినట్టు సగం ఊరు ఆర్లో టైర్ల షాపు మీద పడింది. లోర్నా మాత్రం తలుపులు తెరవకముందే వచ్చి వరసలో మొదట నిలబడింది. కొత్త టైర్లు తన కానుకని ఫోన్ చేసి మరీ అల్లుణ్ణి రప్పించింది. తొలి మంచునాడు ఊరికే టైర్లొస్తుంటే వద్దనే మగాడు ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు.

మధ్యాహ్నానికల్లా డ్వేన్, అతని భార్య టెస్సా కనుమ దాటి అవతలి రాంచ్‌కి వెళ్లిపోవాలి. డ్వేన్‌కి అక్కడ పశువులను చూసుకునే పని దొరికింది. చుట్టుపక్కల ఇల్లన్నది లేదు, ఫోన్లు పలకవు, మంచు కరిగేదాకా దారి తెరవరు. టెస్సా ఒక్కగానొక్క కూతురు. ఈ చలికాలం దానికేమైనా అయితే ఎలాగన్న భయంతో లోర్నాకు వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు.

ఆర్లో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“రెండు చక్రాలకు ఎక్కించాను లోర్నా. ఇంకో రెండున్నాయి.”

“కనుమ మలుపులో బ్రేక్ వేస్తే అవి ఆగుతాయా?”

“మెల్లగా పోతే ఆగుతాయి. చలి ముదిరితే ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, అప్పుడు చెప్పలేం. మంచు టైర్ల రబ్బరైతే మెత్తగానే ఉంటుంది.”

“అయితే తీసెయ్. మంచు టైర్లే వెయ్.”

“ఎక్కించినవి ఊడబీకమంటావా? ఆల్ సీజన్ అన్నది నువ్వే కదమ్మా.”

“అన్నాను. ఇప్పుడు కాదంటున్నాను.”

వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కున్నారు. దుప్పి వేటకని నారింజ రంగు టోపీ పెట్టుకొచ్చిన పెద్దమనిషి ఉండబట్టలేక, “నా పెళ్లికి కూడా నేనింత ఆలోచించలేదు తల్లీ” అన్నాడు.

“ఆలోచించాల్సింది” అంది లోర్నా. అందరూ నవ్వారు, డ్వేన్ తప్ప.

అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. మళ్లీ చేశాడు. మళ్లీ.

“ఎత్తడం లేదు.”

“సామాన్లు సర్దుకుంటోందేమో.”

“నేను చేస్తే ఎత్తాలి. దానికి తెలుసు.”

ఆ మాట అతను గొంతు పెంచకుండానే అన్నాడు. లోర్నా కాఫీ కప్పు పక్కన పెట్టి సంచీలోంచి కాగితం పొట్లం తీసింది.

“మాంసం కూరిన పేస్టీ తెచ్చాను. నీకిష్టమని ఉల్లిపాయలు ఎక్కువేశాను. వేడి మీదుండగా తిను.”

“ఆకలి లేదు.”

“పోయిన చలికాలం దాని చెయ్యి విరిగింది డ్వేన్. నేను మర్చిపోలేదు. అందుకే ఈ టైర్ల గొడవ.”

“గుమ్మంలో మంచుంటే చూసుకుని నడవాలి. దానికి నా టైర్లేం చేస్తాయి? తల్లీకూతుళ్లిద్దరికీ చాదస్తమే.” అయినా పేస్టీ అందుకుని రెండు కొరుకులు కొరికాడు. సగంలో ఆపేసి పక్కన పెట్టాడు.

వేటగాడి బండి అప్పుడే లిఫ్టు మీంచి కిందికి దిగింది. డ్వేన్ అతని దగ్గరికి వెళ్లాడు. “అన్నా, గుట్ట మీదికేనా? మా ఇంటి దగ్గర దింపేస్తావా? మా ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు, సంగతేంటో చూడాలి.”

“దానికేం భాగ్యం, ఎక్కు.”

లోర్నా కుర్చీ అంచుకు జరిగింది. డ్వేన్ కోటు జిప్పు పైకి లాక్కుని గొళ్లెం పట్టుకుని తలుపు సగం తెరిచాడు. చలిగాలి రివ్వున లోపలికొచ్చింది.

“ఆర్లో, ఆగు” అంది లోర్నా. అవసరమైనదానికంటే గట్టిగానే వచ్చింది గొంతు. “మామూలు మంచు టైర్లు కూడా వద్దు. మంచు మీద జారకుండా మేకులున్నవి వెయ్. నీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే ఖరీదైనవి.”

ఆర్లో కళ్లజోడు పైకి తోసుకున్నాడు. “మేకులవా? రెండు రకాలున్నాయి. ఏది కావాలి?”

“నాకేం తెలుసు? తోలేవాడు చెప్పాలి. అతను వెళ్లిపోతానంటున్నాడుగా, పోనీ చవకవే వేసెయ్.”

డ్వేన్ చెయ్యి గొళ్లెం మీదే ఆగింది. పోయినేడాది నుంచీ ఆ టైర్ల మీద అతనికి కన్నుంది. రాంచ్‌లో ఎవరి బండికీ అలాంటివి ఉండవు. అతను బయటికి చూశాడు, లోపలికి చూశాడు.

“నువ్వు పో అన్నా” అన్నాడు చివరికి. “చవకవి నా బండికి తగిలిస్తారేమో చూస్తాను.”

వేటగాడు భుజాలెగరేసి బండెక్కి వెళ్లిపోయాడు. డ్వేన్ అరల దగ్గరికి పోయి ఒక్కో టైరునూ దించి, మేకుల మీద బొటనవేలు రాసి చూడసాగాడు. మొహంలో పండగ కనిపించింది. ఇందాకటి కోపం అతనికి గుర్తున్నట్టు లేదు.

“మీకు కాస్త పిచ్చి గానీ అత్తయ్యా, మనసు మంచిదే.”

“నిదానంగా చూసుకో. తొందరేం లేదు” అంది లోర్నా.

అతను మూడో టైరు దించుతుండగా ఆమె ఒళ్లో ఫోన్ బుర్రుమంది.

“అదేనా?” డ్వేన్ తల తిప్పాడు.

“ఎవరిదో తెలియని నంబరు.”

అతను మళ్లీ టైర్ల వైపు తిరిగాడు. లోర్నా ఫోన్ తెరిచి మెసేజీ చదివింది.

“బస్సు కదిలిందమ్మా, అతను ఇంకా నీ దగ్గరే ఉన్నాడా?”