భోజనాల సీను

“తోమా! ఆ భోజనాల సీను కోసేశావా లేదా?” మేనేజరు మెట్ల కిందనుంచే కేకేశాడు.

“ఇంకా లేదండీ.”

“సాయంత్రం కరెంటు కోత ఉందయ్యా. మాట్నీ ఆలోపే అయిపోవాలి. కథకి అక్కర్లేని ముక్క అదొక్కటే. తీసెయ్!”

ఆపరేటర్ తోమా రీలు విప్పి బ్లేడు అందుకున్నాడు. చీరాలలో ఆ సినిమాకి ఇదే ఆఖరి ఆట. రేపు పొద్దున్నే రీళ్ళ పెట్టె బస్సెక్కి గుంటూరు వెళ్ళిపోతుంది. కొత్తలో తప్ప ఆడినన్నాళ్ళూ హాల్లో ఈగలు తోలుకోవడమే సరిపోయింది కాబట్టి, ఒక సీను పోతే ఏడ్చేవాళ్ళెవరూ ఉండరని అతని ధీమా.

అంతలో మెట్లమీదనుంచి ఎండుచేపల వాసన వచ్చింది. ఆ వెనకే కొండమ్మ వచ్చింది.

కొండమ్మది వాడరేవు. ఎండుచేపలు అమ్ముకోవడానికి చీరాల వస్తుంది. ఈ సినిమా వచ్చింది మొదలు, బుట్ట ఖాళీ కాగానే నేల టిక్కెట్టు కొనుక్కుని ముందు వరసలో కూర్చోవడం, భోజనాల సీను అవగానే లేచిపోవడం. పాటలక్కర్లేదు, ఫైటింగులక్కర్లేదు. ఎందుకంటే ఆ సీనులో పులుసు ఆవిడ వండిందే. ఆ సంగతి గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడి నుంచి సోడాలమ్మేవాడి దాకా అందరి చెవుల్లోనూ ఇల్లుకట్టుకుని చెప్పింది.

నిరుడు ఎండాకాలంలో సినిమావాళ్ళు వాడరేవు ఇసకలో పందిరేసి పెళ్ళి భోజనాలు తీశారు. వాళ్ళ వంటవాడు చేసిన పులుసు కెమెరాలో చారునీళ్ళలా తేలిపోయిందట. ఎర్రగా, నూనె తేలుతూ కనపడాలని డైరెక్టరు గోలపెడితే, కొండమ్మ గుంటూరు కారం దండిగా వేసి డేగిసా నిండా చేపల పులుసు కాచింది. ఊళ్ళోవాళ్ళనే పంక్తిలో కూర్చోబెట్టారు. ఎవరి విస్తట్లో పులుసు అయిపోయినా వెంటనే పొయ్యాలని, గరిటెతో సహా ఆవిడను కెమెరా పక్కనే నిలబెట్టారు.

సినిమా వచ్చిన కొత్తలో ఊరు ఊరంతా కదిలొచ్చి, తమ మొహాలు తామే చూసుకుని ఈలలేసి పోయారు. ఇప్పుడు వచ్చేది కొండమ్మ ఒక్కతే.

“సీను కోసేత్తన్నారంట, గేటు కాడ అనుకుంటన్నారు,” అంది ఆయాసపడుతూ. “నిజమేనా బాబూ?”

“మేనేజరుగారి ఆర్డరు. నేనేం చెయ్యను?”

“ఇయ్యాలే ఆఖరంటగా. ఈ ఒక్కసారికీ ఉంచు.” మూతపెట్టిన గిన్నె ముందుకు జరిపింది. “నీకోసం పులుసు తెచ్చా.”

తోమాకి నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు మెత్తబడింది. మిషను రొదలో ఒక్కడే కూర్చుని చల్లారిన క్యారేజీ తినేవాడికి, పనిగట్టుకుని ఎవరైనా వండి తేవడమంటే మాటలు కాదు.

“నీ పులుసు నువ్వే ఎన్నిసార్లు చూసుకుంటావు కొండమ్మా? ఇంట్లో వండుకుంటే రోజూ కనపడుతుందిగా!”

“తినటానికి ఎవురున్నారు బాబూ? కార్తీకంలో గాలివానకి యాటకెళ్ళిన పడవ తిరిగి రాలా. మా ఆయన అందులోనే ఉన్నాడు. ఒక్కదానికి వండుకోవాలంటే పొయ్యికాడికి పోబుద్ధి కాదు.”

“పాపం, ఆయనకి నీ పులుసంటే ప్రాణమై ఉంటుంది.”

“ఏమో! ఒక్కనాడన్నా బాగుందంటేగా. తలకాయొంచుకుని తినటం, చెయ్యి కడుక్కుని పోవటం. ఉప్పు సరిపోయిందో లేదో మొహం చూసి తెలుసుకుందామన్నా, ఆ మొహం కనపడనిచ్చేవోడు కాదు.”

తోమాకి విషయం అర్థమైపోయింది. వండిపెట్టడానికి మనిషి లేని ఇల్లాలు, ఊరందరికీ వండిన డేగిసాను తెరమీద చూసుకుని కడుపు నింపుకుంటోంది. ఒంటరితనం ఎన్ని వేషాలేస్తుందో అనిపించి బ్లేడు పక్కన పడేశాడు.

“వెళ్ళి కూర్చో. మేనేజరు తిడితే నేను పడతాను.”

మాట్నీ మొదలైంది. భోజనాల సీను రాగానే తోమా గోడకున్న కంతలోంచి చూశాడు. ఎర్రటి పులుసు తెరంతా నిండింది. అందులో గరిటె, గరిటె పట్టుకున్న కొండమ్మ చెయ్యి. ఆ తర్వాత పంక్తి. అందరూ బుద్ధిగా తింటున్నారు. ఒక్క శాల్తీ మాత్రం ఎప్పటిలాగే చటుక్కున తలెత్తి, సూటిగా హాలు వంక చూసి పళ్ళికిలించాడు. కెమెరా వంక చూడొద్దని ఎంత మొత్తుకుని ఉంటారో! ఒక్క మొద్దు చాలు, సీనంతా పాడుచెయ్యడానికి అనుకున్నాడు తోమా.

ఆవేళ కొండమ్మ మధ్యలో లేచిపోలేదు. ఆట అయ్యాక మళ్ళీ మెట్లెక్కి వచ్చింది.

“మళ్ళీ ఎప్పుడొస్తది బాబూ ఈ సినిమా?”

“ఇక రాదు.”

ఆవిడ మొహం వాడిపోయింది. పోవడానికి కాళ్ళు రాక గుమ్మం పట్టుకుని నిలబడింది. తోమా చూడలేకపోయాడు. పరాయివాళ్ళ సొత్తు, కొయ్యకూడదు. అయినా రీలు వెనక్కి తిప్పి, పులుసు కనపడేచోట బ్లేడుతో చిన్న ముక్క కోసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“ఇంద, దాచుకో. నీ డేగిసా, నీ గరిటె, నీ చెయ్యి.”

కొండమ్మ దాన్ని బల్బు వెలుగుకి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. మెల్లగా తిరిగి ఇచ్చేసింది.

“ఇది కాదు బాబూ. దీని తర్వాతది.”

“తర్వాతేముంది? ఆ మొద్దు మొహంవాడు కెమెరాని చూసి ఇకిలించడం తప్ప!”

“అదే ఇవ్వు.” కొంగుతో చెయ్యి తుడుచుకుని చాపింది కొండమ్మ.

“అన్నం ముందు మా ఆయన తలెత్తి నాకేసి చూసింది ఆ ఒక్కసారే.”