తప్పు చెప్పిన దుబాసీ

"ఆప్ బాహర్ బైఠో భాయ్."

బహ్రెయిన్ అద్లియాలోని నోటరీ ఆఫీసులో లోపలి గది తలుపు దగ్గర, మాటలు తర్జుమా చేసే దుబాసీ బాఖర్ సాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు. భూలక్ష్మి ఒక్కతే లోపలికి రావాలని సైగ చేశాడు.

పరమేశ్‌కు ఒళ్ళు మండింది.

"ఆమె మా వదినె. నేను పక్కన లేకుంటే నోరే తెరవది."

"రూల్ హై భాయ్."

ఎంత మొండి ఘటం! అరబ్బు నోటరీకి లేని పట్టింపు ఆయన దుబాసీకి ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఎవరొచ్చినా సరే, వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టి తలుపు వేశాకే ఆయన నోరు విప్పుతాడు.

భూలక్ష్మి చున్నీ సర్దుకుని లోపలికి నడిచింది.

సల్మానియా ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే పని ఆమెది. మొగుడు పోయాక ఊళ్ళో మిగిలిన పొలమే ఆమె ఆస్తి. దాన్ని అమ్మే అధికారం మరిదికి ఇస్తున్నానని ఈరోజు నోటరీ ముందు ఒప్పుకోవాలి. అమ్మి కళ పేరు మీద ప్లాటు కొంటానంటున్నాడు మరిది.

కళ ఆమె బిడ్డ. ఊళ్ళో నానమ్మ దగ్గర, అంటే పరమేశ్ ఇంట్లోనే పెరుగుతోంది.

"నా బిడ్డే అనుకొని సాదుతున్న. నువ్వు అడ్డం తిరిగితే ఇగ నీ ఇష్టం," అన్నాడు వచ్చేటప్పుడు టాక్సీలో.

తల్లి నోరు కట్టెయ్యడానికి ఆ మాట చాలదూ!

తలుపు పడింది. కాని అది అద్దం తలుపు. అవతల మరిది నిలబడే ఉన్నాడు.

బాఖర్ సాబ్ అడిగింది ఒకే ఒక్క మాట.

"ఇష్టమేనా అమ్మా?"

భూలక్ష్మి అద్దం వైపు చూసింది.

"ఇష్టమే."

ఆయన నోటరీ వైపు తిరిగి అరబ్బీలో చెప్పాడు. మొదటి మాటే 'లా'. లా అంటే కాదు అని బహ్రెయిన్‌లో దిగిన నాడే ఆమె నేర్చుకుంది.

నోటరీ కాగితాలు వెనక్కి నెట్టేశాడు.

భూలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం మరిది గుర్తొచ్చాడు.

సంగతి తెలిసి పరమేశ్ గయ్యిమన్నాడు. "లేదన్నవా?"

"నా బిడ్డ మీద ఒట్టు, ఇష్టమే అన్న. ఆయనే తప్పు చెప్పిండు."

"గీ సాయిబుకు తెలుగెక్కడిది!"

పరమేశ్ నోటరీ మీదికే పోయాడు. ఈ ముసలాయనకు తెలుగు రాదు, ఉన్నది లేనిదిగా చెబుతున్నాడని హిందీలో కేకలు వేశాడు. టైపు చేసే రుమానా ఏదో అనబోయి, బాఖర్ సాబ్ చూపు చూసి ఆగిపోయింది.

నోటరీ భూలక్ష్మిని చూశాడు. నిజమేనా అన్నట్టు.

ఆమె తల ఊపింది. ఓ ముసలాయన పొట్ట మీద కొట్టడానికి ఆ మాత్రం చాలింది.

"గల్తీ హో గయీ సాబ్," అన్నాడు బాఖర్ సాబ్. తప్పయిందని తనే ఒప్పుకున్నాడు.

ఎలాగూ వీడియోలోనే ముద్ర వేసే పద్ధతి వస్తోంది, తర్జుమా యంత్రమే చేస్తుంది, దుబాసీతో పని లేదని నోటరీ అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాడు. ఆ రోజుతో బాఖర్ సాబ్ నౌకరీ ఖలాస్.

తరవాతి వారం ఆఫీసుకు పోయే పనే లేకపోయింది. భూలక్ష్మి గదిలోనే పరమేశ్ ఫోను గోడకు ఆనించి పెట్టాడు. తెర మీద అదే నోటరీ. తెలుగు మాట్లాడేది మాత్రం యంత్రం.

"మీరు గదిలో ఒంటరిగా ఉన్నారా?"

ఫోను పక్కనే, తెరకు కనబడకుండా నిలబడి పరమేశ్ కళ్ళెర్రజేశాడు.

"ఒక్కదాన్నే."

"మీరు స్వచ్ఛందంగా అంగీకరిస్తున్నారా?"

అంత పెద్ద మాట ఆమె ఎన్నడూ వినలేదు. అనుమని మరిది సైగ చేశాడు.

"ఇష్టమే."

యంత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నోటరీ నవ్వుతూ షుక్రన్ అని థాంక్స్ చెప్పాడు. చాయ్ చల్లారేలోపు అంతా అయిపోయింది.

పొలం పోయింది. ప్లాటు రాలేదు. అడిగితే, "యాడి ప్లాటు వదినె?" అన్నాడు మరిది.

మనసు ఊరుకోక భూలక్ష్మి అద్లియాకు పరుగెత్తింది. ఏదీ ఆఫీసు! ఆ చోట కాఫీ షాపు వెలిసింది. కౌంటర్లో రుమానా ఉంది.

"నోటరీ సారు ఇప్పుడు ఇంట్ల కూసొనే వీడియోల ముద్రలేస్తుండు ఆంటీ. అది గూడ ఎన్ని దినాలో! రేపు నోటరీ లేకుంటనే ముద్ర పడుతదేమో అని ఆయనకే నిద్ర పడ్తలేదంట."

"నేనిచ్చిన అధికారం వాపసు తీసుకోరాదా బిడ్డా?"

"అమ్ముడువొయినంక ఇంకేం తీస్కుంటవ్ ఆంటీ?"

భూలక్ష్మి అక్కడే కూలబడింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఆ ముసలాయన యాడున్నడు? ఆయన కాళ్ళ మీద పడాలె. పాపం, తెలుగు రాక తప్పు చెప్పిండు గని, ఆ తప్పే నిలబడితే నా పొలం నాకుంటుండె."

రుమానా కప్పు తుడవడం ఆపింది.

"ఊరికి పోయిండు ఆంటీ."

ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా అంది.

"ఆయనకు తెలుగు రాకపోవుడేంది? మెట్‌పల్లి బళ్ళె మా అందరికి తెలుగు చెప్పిన సారే ఆయన."