కొమ్మ వాడేంత దూరం

బెల్లం చుట్టి వచ్చిన పత్రిక కాగితం చదువుతుంటే సింహాచలం చేతిలోని తూకపురాయి జారి పాదం మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"పొద్దున్న రంగూన్‌లో విమానమెక్కినోడు సాయంత్రానికి కలకత్తాలో దిగాడట! ఆరువందల యాభై మైళ్ళు, తొమ్మిది గంటల్లో!"

చింతపండు బస్తా దించుతున్న గాసి తలెత్తాడు. "అంటే ఎన్ని కొమ్మలు సావుకారూ?"

గాసికి మైలు తెలియదు, గంట తెలియదు. బయలుదేరే చోట ఓ పచ్చికొమ్మ విరిచి పట్టుకుంటాడు. అది చేతిలో వాడిపోయేసరికి ఎంత నడిస్తే అంత ఒక కొమ్మ దూరం. ఈ అరకు కొండల్లో అందరి కొలతా అదే.

"సముద్రం మీద కొమ్మలేటిరా, ఎర్రిమొగమా!" సింహాచలం అరిచాడు.

మూడేళ్ళ కిందట అతను తనను నమ్ముకున్న అసిరమ్మను కడుపుతో రంగూన్‌లో వదిలేసి ఓడెక్కాడు. ఆమె అన్న పైడయ్య కుంటుకుంటూ రేవుకు వచ్చేసరికి ఓడ కదిలింది. "ఎక్కడున్నా వత్తాను! నీ పీక కోత్తాను!" అని గాలిలో కత్తి ఊపాడు.

అప్పటినుంచి సింహాచలం ప్రాణాన్ని సరుకులాగే లెక్కకట్టి కాచుకుంటున్నాడు. రంగూన్ నుంచి విశాఖ రేవుకు ఓడలో నాలుగు రోజులు. రేవు నుంచి ఈ కొండ మీదికి కుంటివాడికి ఐదు రోజులు. రేవులో మనిషిని కాపలా పెట్టాడు. కుంటివాడు దిగితే మూడోనాటికల్లా కబురు అందుతుంది. పారిపోవడానికి రెండు రోజులు మిగులు.

ఇప్పుడు వాడు గాలిలో వస్తే? కలకత్తాలో దిగి రైలెక్కితే? రేవులో కాపలా ఎందుకు?

"యిమానం దొరలెక్కేది గదా? ఆ కుంటోడికి ఎవులిత్తారు?" గాసి నవ్వాడు.

"ఇవాళ దొరలు, రేపు ఎవడైనా. ఓడలూ మొదట అంతే. నువ్వు బేగి కిందకి దిగు. విజయనగరం స్టేషన్లో కూడా మనిషిని పెట్టాలి. కుంటోడు, ఎడమ చెంప మీద గాటు. దారిలో కనిపిస్తే వెనక్కి పరిగెత్తుకు రా!"

గాసి వెళ్ళగానే తలుపు గడియ వేశాడు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో పెద్ద రెక్కల నీడ ఒకటి జారిపోయింది. బస్తాల సందున దూరి ఆకాశంవైపు చెవి పెట్టాడు. గద్ద కూసింది.

"థూ!" అని తననే తిట్టుకున్నాడు.

అంతలో తలుపు దబదబ మోగింది.

"నానే సావుకారూ! గాసిని!"

గడియ తీశాడు. గాసి రొప్పుతున్నాడు. "అగుపించినాడు. కుంటోడు. చెంప మీద గాటు."

"విమానం దిగిందా? ఎక్కడరా?"

"యిమానం లేదు, ఏటీ లేదు. ఓడకి డబ్బుల్లేక నడిసే వచ్చినాడట. నువ్వొచ్చిన మర్నాడే బయల్దేరినాడట. ఊరూరా నీ పేరే అడుగుతా వచ్చినాడు. నీ ఇల్లెక్కడని నన్నూ అడిగినాడు."

నడిచి! అతని లెక్కల్లో ఎక్కడా లేని దారి అది.

"ఇప్పుడెంత దూరంలో ఉన్నాడు?"

"అక్కడే ఇరిసినాను" అంటూ గాసి చేతిలోని మేడికొమ్మ చూపించాడు.

విరిగినచోట పాలు ఇంకా బొట్లు బొట్లుగా కారుతున్నాయి.